అడుగు గొంతు

అంకుల్ పోయిన మర్నాడు ప్రకాశం అన్న ఫోన్ చేశాడు. అంత్యక్రియల రోజు అందరికీ పంచడానికి చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నారట, వెనక పేజీ ఖాళీగా ఉందట.

"నువ్వు తెలుగు బాగా రాస్తావు గదా శీనయ్యా. ఆయన గురించి నాలుగు ముక్కలు రాసియ్యి. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, సంఘంలో చేసిన సేవ, అట్టా. రేపు ఆరింటికల్లా ప్రింటింగ్‌కి పంపాల," అన్నాడు.

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాక తెలిసింది, నాకేమీ తెలియదని. పదకొండేళ్ళు దాదాపు ప్రతి శనివారం ఆయన పక్కన నిలబడి పాడినవాణ్ణి. ఆయన పుట్టిన తేదీ తెలియదు. ఏం చదివారో తెలియదు. పెర్త్‌లో సిటీ బస్సు నడిపేవారని తెలుసు, అంతకుముందు ఏం చేసేవారో ఎప్పుడూ అడగలేదు. ఆంటీకి ఫోన్ చేసి ఆ వివరాలన్నీ రాసుకుని పంపించాను. పుస్తకం అచ్చయింది. అందులో ఒక్క తప్పూ లేదు. ఆయన మాత్రం అందులో లేరు.

నాకు తెలిసిన మనిషి గురించి ఇక్కడ రాస్తున్నాను.

పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లో మేం ఇల్లు కొనుక్కున్న కొత్త. పాపకి నాలుగు నెలలు. శనివారం మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా పాప కునుకు తీసే వేళకి, వెనక వీధిలో ఎవరిదో గ్యారేజీలోంచి పాట వినిపించేది. పాట అనడానికి లేదు, ఒక ముక్క. అదే ముక్క పాతికసార్లు. మూడు వారాలు ఓర్చుకున్నాం. నాలుగో వారం నా భార్య స్వాతి, "నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?" అంది. నేనే వెళ్ళాను.

గ్యారేజీ షట్టరు సగానికి లేపి ఉంది. లోపల ముగ్గురున్నారు. ఇద్దరు నాకంటే కొంచెం పెద్దవాళ్ళు. మూడో ఆయనకి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. దగ్గరగా కత్తిరించిన తెల్లజుట్టుతో, ఇస్త్రీ మడతలు చెదరని చొక్కా టక్ చేసుకుని ఉన్నారు. కాళ్ళకి మాత్రం ఏమీ లేవు. తళతళలాడే నల్ల బూట్లు గోడవారగా జంటగా పెట్టి, వట్టి పాదాలతో సిమెంటు నేల మీద నిలబడ్డారు.

వాళ్ళు పాడుతున్నది తెలుగే కాబట్టి తెలుగులోనే అడిగాను. "అంకుల్, కొంచెం మెల్లగ పాడ్తరా? పాప పండుకుంది."

ఆయన కళ్ళు చిట్లించి, "మళ్ళీ అను," అన్నారు.

వినబడలేదేమో అనుకుని గట్టిగా, "పాప పండుకుంది అంకుల్," అన్నాను.

"అట్టా అరవమాక. ఇందాక అన్నట్టే అను."

అన్నాను. ఆయన మిగతా ఇద్దరివైపు తిరిగారు. "విన్నారా? కిందికి దిగి, ఎక్కడ ఆగాలో సరిగ్గా అక్కడ ఆగాడు. ఇన్నాళ్ళూ మనం వెతికింది ఈ గొంతే."

వాళ్ళ నలుగురిలో ఒకాయన ఉద్యోగం మారి మెల్‌బోర్న్‌లో ట్రుగనీనాకి వెళ్ళిపోయి అప్పటికి నెల అయిందట. నాకు కంగారు పుట్టింది.

"నాకు పాటలు రావంకుల్. అయినా ఇవి చర్చి పాటలు గద? మేం హిందువులం."

"నేనడిగింది గొంతు గురించయ్యా," అన్నారాయన. తర్వాత, "పాప ఎన్నింటికి లేస్తది?" అన్నారు.

"నాలుగున్నరకి."

"అయితే వచ్చే వారం నుంచి నాలుగున్నరకే పాడుకుందాం. నువ్వూ రా."

ఇంటికొచ్చి స్వాతికి చెప్పాను. "కంప్లయింట్ చేయనీకి పోయి జాయిన్ అయ్యొచ్చినవా?" అంది.

అమెరికా దక్షిణాది చర్చిల్లో నలుగురు మగవాళ్ళు నిలబడి, నాలుగు వేర్వేరు గొంతులతో ఒకే పాట పాడే పద్ధతి ఒకటుంది. అంకుల్ చిన్నప్పుడు చీరాల దగ్గర ఒక మిషన్ కాంపౌండులో పెరిగారు. అక్కడి అమెరికా దొర, దొరసాని స్వదేశానికి వెళ్ళిపోతూ ఒక టేప్ రికార్డరు, ఒక క్యాసెట్టు వదిలి వెళ్ళారట. ఆ క్యాసెట్టులో ఉన్నవి ఆ నలుగురి పాటలే. అరిగిపోయేదాకా విన్నానని చెప్పేవారు. అందులో అన్నిటికంటే కిందుగా పాడే మనిషి గొంతుని పట్టుకుని, రోజూ సముద్రం ఒడ్డుకి పోయి సాధన చేశారట.

ఇది చెప్పినప్పుడల్లా చివర్లో ఒక మాట కలిపేవారు. పెర్త్ వచ్చాక ఎన్నో ఏళ్ళకి, కూతురు ఆ పాటల్ని ఫోన్లో వెతికి వినిపించిందట. అసలు పాట ఆయన నేర్చుకున్నదానికంటే బాగా పైన ఉందట.

"మా టేప్ రికార్డరు బెల్టు వదులైందబ్బా. నిదానంగా తిరిగేది. అందుకని అందరి గొంతులూ కిందికి దిగి వినబడేయి. ఆ అమెరికా ఆయన కూడా అంత కిందికి పాడలేదు. నాకా సంగతి తెలవక పాడేశాను."

ఈ బృందాన్ని మొదలుపెట్టింది ఆయనే. గ్యారేజీలో నేను చూసిన ఇద్దరిలో ఒకరైన ప్రకాశం అన్న కార్లు బాగుచేస్తాడు. బ్రేకులు చూపించుకోవడానికి వెళ్ళిన అంకుల్, కారు కింద పడుకుని కూనిరాగం తీస్తున్న మనిషిని కాలు పట్టి బయటికి లాగి, "మళ్ళీ పాడు," అన్నారట. రెండో అతను సామ్యేల్, అప్పుడు యూనివర్సిటీలో చదువుకునే కుర్రాడు. అంకుల్ బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడుకుంటూ ఆఖరి స్టాపు దాకా వచ్చాడు. అంకుల్ తలుపు తెరవలేదు. "ఆ పై స్వరం ఇంకొక్కసారి అను, తెరుస్తా," అన్నారు. ఎవరి దగ్గరా ఎన్నేళ్ళ నుంచి పాడుతున్నావని గానీ, ఎక్కడ నేర్చుకున్నావని గానీ ఆయన అడిగినట్టు నేను వినలేదు.

పాటని మోసే అసలు గొంతు ప్రకాశం అన్నది. దానిమీద సామ్యేల్‌ది పై గొంతు. మధ్యలో నడి గొంతు నాకిచ్చారు. అన్నిటికంటే కింద అడుగు గొంతు అంకుల్‌ది. ఈ పేర్లన్నీ ఆయన పెట్టుకున్నవే. నడి గొంతుకి సొంతంగా పాట అంటూ ఉండదు. విడిగా పాడితే ఎవరో దారి తప్పి తిరుగుతున్నట్టుంటుంది. మొదటి రోజు నాకు చిన్నతనంగా అనిపించి ఆ మాటే అన్నాను.

"నీ గొంతు ఎవరికీ విడిగా వినబడగూడదు. నువ్వు ఆగిపోతే మాత్రం అందరికీ తెలవాల," అన్నారు అంకుల్. "అది శానా కష్టమైన పని. అందుకే నీకిచ్చాం."

ఆ రోజే మొదటిసారి ఆయన గొంతు దగ్గరగా విన్నాను. విన్నాననడం కంటే నాకు తగిలింది అనాలి. ప్రకాశం అన్న తెచ్చి పడేసిన స్పానర్ల రేకు డబ్బా ఒకటి గ్యారేజీలో మూలన ఉండేది. అంకుల్ అడుక్కి దిగి ఒక స్వరం పట్టుకోగానే ఆ డబ్బా జుమ్మని మోగింది. నా అరికాళ్ళలోకి ఏదో పాకినట్టయింది. చూస్తే నేనూ ఎప్పుడు విప్పానో తెలియదు, చెప్పులు విప్పేసి ఉన్నాను.

పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో ఆయనకి గ్యారేజీలోని పాత ఫ్రిజ్ చెప్పేది. ఆంటీ చేపలూ మునగాకూ దాచుకునే ఫ్రిజ్ అది. దాని గుర్రు వినగానే తల ఊపి, అక్కణ్ణించి లెక్కపెట్టుకుని మాకు తలా ఒక స్వరం అందించేవారు. ఒక వేసవిలో, తూర్పు గాలి నిప్పులు చెరిగే రోజుల్లో, అది చచ్చిపోయింది. ఆంటీ కొత్తది కొనిపించింది. కొత్తది చప్పుడు చెయ్యదు. రెండు శనివారాలు అంకుల్ ముఖం ముడుచుకునే ఉన్నారు.

"మంచి ఫ్రిజ్జే. దానికి నోరు లేదు, అంతే," అన్నారు.

శుక్రవారం నుంచి పెరుగు ముట్టేవారు కాదు. జీలకర్ర వేసి కాచిన నీళ్ళు ఫ్లాస్కులో పోసుకుని, ఎదుటివాడికి ముందు పోసి ఇచ్చాకే తాను తాగేవారు. పాడుతున్నంతసేపూ పక్కనున్నవాడి వీపు మీద ఆయన అరచెయ్యి ఆనించి ఉండేది. వాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో చేత్తో తెలుసుకునేవారు. నాకు ఊపిరి చాలదనుకున్నచోట, నాకంటే ముందే ఆ చెయ్యి కొంచెం ఒత్తేది. అడుగు గొంతుని ఇంగ్లీషులో బేస్ అంటారని విని మా పాప ఆయన్ని "బేస్ తాత" అనేది. ఆయన తెలుగులో ఏం అడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఆయన దాన్ని ఎప్పుడూ తప్పుపట్టలేదు. "దానికి చెవి ఉంది గదా, చాల్లే. నోరు తర్వాత వస్తది," అనేవారు.

మా అమ్మకి ఈ సంగతి చాలా రోజులు చెప్పలేదు. చెప్పాక కరీంనగర్ నుంచి ఫోన్లో, "వాళ్ళు నిన్ను కలుపుకుంటరేమో బిడ్డా, జాగ్రత్త," అంది. నేనూ మొదట్లో ఆ జాగ్రత్తలోనే ఉన్నాను. ఎప్పుడో ఒకరోజు అంకుల్ ఆ మాట ఎత్తుతారనీ, ఆ రోజు మానేయాల్సి వస్తుందనీ అనుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఆయన ఎత్తలేదు. పాటకి ముందు వాళ్ళు ముగ్గురూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. నేను ఫ్రిజ్ వంక చూస్తూ నిలబడేవాణ్ణి.

కష్టం వేరేవైపు నుంచి వచ్చింది.

నేను చేరిన మూడో ఏడు. వాళ్ళ సంఘం వార్షికోత్సవం దగ్గరపడింది. మధ్యాహ్నం పూట ఒక పాత చర్చి భవనం అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకునే చిన్న తెలుగు సంఘం అది. ఇండియా నుంచి పెద్ద ప్రసంగీకులెవరో వస్తున్నారు. మేం రెండు నెలల నుంచి ఒక కొత్త పాట సాధన చేస్తున్నాం. గురువారం నేను ఆఫీసులో ఉండగా అంకుల్ ఫోన్ చేశారు.

"శీనయ్యా, ఈ ఆదివారానికి నువ్వు రావద్దులే."

"ఎందుకంకుల్? పాట మార్చిన్రా?"

"పాట అదే. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారంట. బాప్తిస్మం లేని మనిషిని వేదిక ఎక్కించగూడదని... నీ చోట్లో ఇంకో అబ్బాయిని చూశాం."

"మీరేమన్నరు?"

ఫోన్లో బస్సు డిపో చప్పుళ్ళు వినిపించాయి. ఆయన, "నేనేమీ అనలేదు," అన్నారు.

పెద్దలు అన్నదానికి నాకు బాధ లేదు. వాళ్ళెవరో నాకు సరిగ్గా తెలియదు కూడా. ఈ మనిషి ఏమీ అనలేదన్నదే మింగుడుపడలేదు. సరే అని ఫోన్ పెట్టేశాను.

ఆదివారం సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, మా ఇంటి బెల్లు మోగింది. తలుపు తీస్తే అంకుల్, ఆంటీ. ఆయన సూటులో ఉన్నారు, చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. స్వాతి కూర్చోమంది. ఆంటీ కూర్చుంది. ఆయన కూర్చోలేదు.

"ఇయ్యాల ప్రభు బల్ల ఉంది," అన్నారు. అంటే రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునే రోజు అని ఆంటీ స్వాతికి చెప్పింది. "రొట్టె పళ్ళెం నాదాకా వచ్చింది. నేను తీసుకోలేదు. పక్కాయనకి ఇచ్చేశాను. నీతో సమాధానపడకుండా నా చెయ్యి దాని మీదికి పోలేదు. నేను నోరు తెరవాల్సిన చోట తెరవలేదు శీనయ్యా. బయపడ్డాను. తప్పు చేశాను."

నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దాయన. నా హాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పుడే, "అయ్యో అంకుల్, అదేం లేదు," అనేస్తే సరిపోయేది. నా నోటి నుంచి ఆ మాట రాలేదు. "సరే అంకుల్," అన్నాను ముభావంగా. స్వాతి ఇచ్చిన మంచినీళ్ళు తాగి ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆ తర్వాత శనివారం నేను వెళ్ళలేదు. దాని తర్వాతా వెళ్ళలేదు. నాలుగున్నరకి వెనక వీధి నుంచి పాట ఏమైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. ఏమీ వినిపించేది కాదు. రెండు నెలలు గడిచాక కారు సర్వీసింగుకి ఇచ్చినప్పుడు ప్రకాశం అన్న చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"అంకుల్ పెద్దల్తో చెప్పేశాడు. మేం పాడితే నలుగురం పాడతాం, లేకపోతే లేదని. నువ్వు రానిదే ప్రాక్టీస్ కూడా వద్దన్నాడు. ఇంకో సంగతి. నెలకోసారి బల్ల వస్తది గదా. రెండుసార్లూ పళ్ళెం ముట్టుకోలేదు. చర్చిలో అందరూ చూస్తానే ఉన్నారు. ఎందుకని ఎవరన్నా అడిగితే, నేనొకరికి బాకీ ఉన్నాను, అది తీరలేదంటాడు."

ఆ రొట్టె ఆయనకి ఏమిటో నాకు పూర్తిగా తెలియదు. ఊరికే వదులుకునేది కాదని మాత్రం తెలుసు. నేను ఇంట్లో కూర్చుని పట్టుకున్న పంతానికి ఆయన అక్కడ ఆ పళ్ళెం ముందు కూర్చోవాల్సి వస్తోందని అనుకోలేదు. వస్తానని ప్రకాశం అన్నకి చెప్పి, ఆ శనివారం నాలుగున్నరకి వెళ్ళాను. ప్రకాశం అన్న, సామ్యేల్ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. అంకుల్ నా ముఖం వంక చూశారు.  చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చి, "రెండో చరణం నుంచి," అన్నారు. పాడుతున్నప్పుడు చూశాను, ఆయన కళ్ళు కారుతున్నాయి. గొంతు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

రెండేళ్ళ తర్వాత కొత్త పాస్టరుగారు వచ్చి తానుగా పిలిచేదాకా ఆ వేదిక మీద మేం పాడలేదు. అప్పటిదాకా వృద్ధాశ్రమాలకి వెళ్ళి పాడేవాళ్ళం. చక్రాల కుర్చీల్లో తెల్లవాళ్ళు, ఇటలీ వాళ్ళు. తెలుగు మాటలు అంకులే రాసుకునేవారు, బస్సు డ్యూటీల రోస్టరు కాగితాల వెనక. ఒకసారి, ఎప్పుడో గోధుమ పొలాలు చేసుకున్న ముసలాయన ఒకడు పాట అయ్యాక చెయ్యి ఎత్తి, "ఒక్క ముక్క అర్థం కాలేదు మేట్. మళ్ళీ పాడండి," అన్నాడు. అంకుల్‌కి ఆ సర్టిఫికెట్టు ఎంత నచ్చిందో చెప్పలేను.

కోవిడ్‌కి సరిహద్దులు మూసేసిన రోజుల్లో మా నాన్న పోయారు. విమానాలు లేవు. పెర్త్ దాటి బయటికి పోవడానికి వీల్లేదు, పోతే తిరిగి రావడానికి వీల్లేదు. తమ్ముడు ఫోను ఎత్తి పట్టుకుంటే, మధ్యాహ్నం పూట మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నాన్నకి తమ్ముడు తలకొరివి పెట్టడం చూశాను. పెద్దకొడుకుగా నేను చెయ్యాల్సింది. సిగ్నల్ మధ్యమధ్యలో ఆగిపోయేది. ఆగినప్పుడల్లా మంట ఉన్నచోటే బిగుసుకుపోయేది. అంతా అయ్యాక ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసి, లేవకుండా అక్కడే ఉండిపోయాను.

నాలుగింటికి బయట కారు తలుపుల చప్పుడైంది. స్వాతి కిటికీలోంచి చూసి, "అంకుల్ వాళ్ళు," అంది. ఇళ్ళలోకి వెళ్ళకూడదన్న నియమం అప్పుడు. ముగ్గురూ డ్రైవ్‌వే మీద దూరదూరంగా నిలబడ్డారు. నేను గుమ్మంలోకి వచ్చాను. అంకుల్ బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నారు. ఎండకి ఇటుకలు కాలుతున్నాయి.

"ఏమీ మాట్లాడబాకు," అన్నారు. "మాకు వచ్చింది పాటొక్కటే. అది పాడిపోతాం. నీకు అభ్యంతరమైతే చెప్పు, ఇట్టాగే వెళ్ళిపోతాం."

అభ్యంతరం లేదని తల అడ్డంగా ఊపాను. వాళ్ళు మొదలుపెట్టారు. అది నాకు తెలిసిన పాటే, అంకుల్ రాసిందే. కానీ అందులో మాటలు లేవు. నోరు మూసుకుని ముగ్గురూ రాగం మాత్రమే పాడుతున్నారు. మొదటి చరణం అలాగే, రెండోదీ అలాగే. ఎదురింటి తెల్లావిడ మొక్కలకి నీళ్ళు పెడుతున్నదల్లా పైపు కట్టేసి నిలబడింది. పూర్తయ్యాక అంకుల్ బూట్లు తొడుక్కుంటూ, నావైపు చూడకుండా అన్నారు.

"మాటలన్నీ మా దేవుడివి. మీ నాయనకి వాటితో పనిలేదు. అందుకని తీసేశాం."

ఆ మాటని ఆ రోజు అమ్మకి ఫోన్లో చెప్పాను.  అమ్మ, "ఆయనకు నా దండం చెప్పు బిడ్డా," అంది.

నిరుడు చలికాలంలో అంకుల్‌కి గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైంది. కూర్చుని పాడమన్నాం. ఒప్పుకోలేదు. ఒక శనివారం మధ్యలో ఆగి, "ఇంక దిగటంలేదబ్బా," అన్నారు, బావిలోకి చేద దిగటంలేదన్నంత మామూలుగా. ఆ తర్వాత కుర్చీ వేసుకుని మమ్మల్ని వినేవారు. చివరి నెల ఆస్పత్రిలో.

చివరిసారి చూడ్డానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఉదయం పూట, ఆంటీ స్నానానికని ఇంటికి వెళ్ళి ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. కిటికీ అవతల కారు పార్కింగులో కాకులు, ఇక్కడి కాకులకుండే ఏడుపుగొట్టు గొంతుతో అరుస్తున్నాయి. ఆయన వాటి శ్రుతి ఏదో చెప్పబోయి ఊపిరి చాలక ఊరుకున్నారు. కాసేపటికి, "ఒక మాట అడగనా? ఇన్నేళ్ళలో అడగలేదు," అన్నారు.

 పదకొండేళ్ళ కిందట ఏ ప్రశ్నకి భయపడ్డానో అదే వస్తోందనుకున్నాను. ఈ స్థితిలో ఆయన అడిగితే కాదనలేను, అవునని అబద్ధం చెప్పలేను.

"అడుగుండ్రి అంకుల్."

"మేం ముగ్గురం ఎవరికి పాడతామో మాకు తెలుసు. నువ్వు ఎవరికి పాడతావు శీనయ్యా?"

అబద్ధం చెప్పే అవసరం లేకపోయింది. "మీకే అంకుల్," అన్నాను. "మీరు వింటరని పాడ్త."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. మళ్ళీ కళ్ళు తెరిచి, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ, "నేను ఉండను గదా. ఇంకెవర్నయినా చూసుకో. మానబాకు," అన్నారు. ఆయన దేవుణ్ణి చూసుకోమని అనలేదు. అనాలని ఉండి ఉంటుంది. ఆ ముఖంలో ఆ కోరిక నాకు కనబడింది. దాన్ని ఆయన తనలోనే ఉంచుకోవడం కూడా కనబడింది.

ఆ వారమే పోయారు.

అంత్యక్రియల ఆరాధనకి చర్చి నిండిపోయింది. డిపో నుంచి యూనిఫాంలతో వచ్చిన డ్రైవర్లు, తలపాగాలు కట్టుకున్న పంజాబీలు, వెనక వరసలో మా వీధి ఇరుగుపొరుగు. ముందు వరసలో ఆంటీ, పక్కన కూతురు. పెట్టె ముందు ఉంది. పాస్టరుగారు పిలవగానే మేం ముగ్గురం వెళ్ళి నిలబడ్డాం. ఆవలి గట్టున దీపం పెట్టి ఉంచమని దేవుణ్ణి అడిగే పాట, అంకుల్ రాసిందే ఎంచుకున్నాం. అడుగు గొంతు లేకుండా ఎలా పాడాలో రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఉన్న మూడు గొంతులతోనే పాడేద్దామనుకున్నాం.

మొదటి చరణంలో సగానికి వచ్చాక ముందు వరస నుంచి ఇంకో గొంతు వినిపించింది. ఆంటీ పాడుతోంది. పదకొండేళ్ళలో ఆవిడ పాడగా నేను వినలేదు. మేం గ్యారేజీలో ఉంటే ఆవిడ వంటింట్లో ఉండేది. ఇప్పుడు పెట్టె వంక చూస్తూ, సన్నగా, వణుకుతూ పాడుతోంది. అది మేం పాడుతున్న పాటలా లేదు. మేం పైకి వెళ్తుంటే ఆవిడ ఆగిపోతోంది, మేం ఆగినచోట ఆవిడ అంగలేసుకుంటూ కిందికి దిగుతోంది. దుఃఖంలో రాగం తప్పుతోందనుకుని, పక్కనున్న కూతురు ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి ఊరుకోబెట్టబోయింది. వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు.

నాకు పాటలో రెండు పంక్తులు పట్టింది అర్థం కావడానికి. ఆవిడ తప్పడంలేదు. ఒక్క స్వరం కూడా తప్పడంలేదు. అది అడుగు గొంతు. అంకుల్ ఇంట్లో తన భాగం ఒక్కటే సాధన చేసుకునేవారు. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ విన్నది అదే. మిగతా మూడు గొంతులూ ఆవిడకి గోడ అవతలివి. ఆవిడకి పాటంటే ఇదే.

ప్రకాశం అన్న నావైపు చూశాడు. అతనికీ తెలిసింది. గొంతు తగ్గించాడు. సామ్యేల్ తన పై స్వరాన్ని దాదాపు ఊపిరంత చేశాడు. నేనూ తగ్గించాను. ఆవిడ గొంతు పైకి తేలింది. కూతురు ఒక్కసారి తల ఎత్తి తల్లి ముఖంలోకి చూసి, భుజం మీది చెయ్యి తీసేసింది.

ఆవిడ ఎంత నిదానంగా పాడితే అంత నిదానంగా పాడాం. ఆవిడకి ఊపిరి అందనిచోట ఆగాం. చివరి స్వరం ఆవిడ ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు పట్టుకున్నాం.